మారణహోమం తర్వాత ఇంట్లో మిగిలే మౌనం: ఏ సినిమా బాగా పట్టుకుంది?

హన్మకొండ_చౌరస్తా
వచ్చే నెల మా సినిమా మిత్రులం ఒక శని, ఆదివారం ఒకే విషయం మీద సినిమాలు వేద్దామనుకుంటున్నాం. ఒక జాతినో, ఒక వర్గాన్నో ఊచకోత కోశాక, బతికి బయటపడ్డవాళ్లు పిల్లలకు ఏం చెప్తారు, ఏం దాస్తారు అన్నదే విషయం. ఏవి వేయాలో ఇక్కడ మాట్లాడుకుని తేల్చుకుందాం.

నా ఓటు జాషువా ఓపెన్‌హైమర్ తీసిన ‘ద లుక్ ఆఫ్ సైలెన్స్’ (2014) డాక్యుమెంటరీకి. ఇండోనేషియాలో 1965-66లో కమ్యూనిస్టులనో, వాళ్లకు దగ్గరివాళ్లనో ముద్ర వేసి ఐదు లక్షల నుంచి పది లక్షల మంది వరకు చంపేశారు. దాని వెనకున్న సైన్యమే తర్వాత మూడు దశాబ్దాలకు పైగా దేశాన్ని ఏలింది. సినిమాలో ఆది అనే ఆయన ఉత్తర సుమత్రాలో కళ్లజోళ్లు చేసి ఇచ్చే మనిషి. అన్నను చంపేశాక పుట్టినవాడు. చంపినవాళ్లు ఆ చుట్టుపక్కలే పెద్దమనుషులుగా బతుకుతున్నారు. ఆది వాళ్ల ఇళ్లకు వెళ్లి కళ్లు పరీక్షిస్తాడు, అద్దాలు మార్చి మార్చి పెడతాడు, ఆ మధ్యలోనే నెమ్మదిగా ఆ రోజుల గురించి అడుగుతాడు. ఎక్కడా గొంతు పెంచడు. చూసేవాళ్లకే గుండె దడ.

నేను గమనించింది ఇంకోటి ఉంది. ఇందులో అమ్మ మౌనంగా ఉండదు, పోయిన కొడుకు గురించి చెప్తూనే ఉంటుంది. చంపినవాళ్లు కూడా మౌనంగా ఉండరు, గొప్పలు పోతారు. నోరు మూసుకుని ఉన్నది చుట్టూ ఉన్న ఊరు. హంతకుడి కూతురు ఒకామె తండ్రి పక్కనే కూర్చుని, ఆయన మనుషుల రక్తం తాగాడని ఆయన నోటితోనే వింటుంది. ఆమె ముఖం మారిపోవడం కెమెరా అలా చూస్తూ ఉంటుంది. తర్వాత ఆదిని క్షమించమని అడిగేది ఆమె. తండ్రి అడగడు.

జమ్మికుంట_పత్తి
అన్నా, నిజం చెప్తున్నా, తిట్టకండి. ఇట్లాంటివి పది నిమిషాలు చూస్తే నిద్ర వస్తుంది. ‘షిండ్లర్స్ లిస్ట్’ చూసి ఏడ్చినవాణ్ని నేను. ఆ ఎర్ర కోటు పాప ఇప్పటికీ కళ్లలో ఉంది. జనానికి తెలియాలంటే జరిగింది జరిగినట్టు చూపించాలి. ఎవరో మూలన కూర్చుని మాట్లాడకపోవడాన్ని గంటన్నర చూపిస్తే ఎవరు చూస్తారు?

కేయూ_క్రాస్‌రోడ్
జమ్మికుంట తమ్ముడి మాటను తీసిపారేయలేం. ఆ సినిమా 1993లో వచ్చింది. మరుసటి ఏడాదే స్పీల్‌బర్గ్ ఒక సంస్థ పెట్టి, బతికి ఉన్న యూదుల సాక్ష్యాలు వీడియోలో రికార్డు చేయించడం మొదలుపెట్టాడు. యాభై వేలకు పైగా పోగయ్యాయి. మనవలకు ఎప్పుడూ చెప్పని మాటలు కెమెరా ముందు చెప్పినవాళ్లు అందులో చాలామంది. కాబట్టి కమర్షియల్ సినిమా నోళ్లు తెరిపించదని అనడానికి లేదు.

కానీ అదే నాజీలు చేసిన యూదుల ఊచకోత మీద క్లోద్ లాంజ్‌మన్ తీసిన ‘షోవా’ (1985) పూర్తిగా వేరే దారి. తొమ్మిది గంటలకు పైగా నిడివి, పాత ఫుటేజీ ఒక్క ముక్క లేదు. శవాల గుట్టలు లేవు. ఇప్పుడు గడ్డి మొలిచిన చోట్లు, రైలు పట్టాలు, మాట్లాడే ముఖాలు, అంతే. పదకొండేళ్లు పట్టింది పూర్తి చేయడానికి.

అందులో అబ్రహాం బోంబా సన్నివేశం గురించి నేను క్లాసులో ఎప్పుడూ వాదన పెట్టిస్తాను. నాజీల మరణ శిబిరం ట్రెబ్లింకాలో గ్యాస్ గదికి పంపే ఆడవాళ్ల జుట్టు కత్తిరించమని నాజీలు ఆయనతో చేయించారు. లాంజ్‌మన్ ఆయన్ని ఇజ్రాయెల్‌లో ఒక మంగలి షాపులో నిలబెట్టి, ఒకతనికి క్షవరం చేయిస్తూ మాట్లాడించాడు. ఆయన అప్పటికే ఆ పని మానేశాడు, షాపు సినిమా కోసం తీసుకున్నది. ఒకచోట బోంబాకు మాట రాదు. నా వల్ల కాదంటాడు. లాంజ్‌మన్ వదలడు, చెప్పాల్సిందే అంటాడు. కాసేపటికి ఆయన చెప్తాడు. ఆ ఒత్తిడి న్యాయమేనా? సగం మంది విద్యార్థులు దర్శకుణ్ని తిడతారు, సగం మంది అలా అడగకపోతే మనకు తెలిసేది కాదంటారు. నేను తిట్టేవాళ్ల వైపే. సినిమా గొప్పదని ఒప్పుకుంటూనే.

ఎర్రమట్టి
చేర్యాల పక్కనుంచి రాస్తున్నా. బైరాన్‌పల్లిలో మాకు చుట్టాలున్నారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు ఊరి మీద పడి తొంభై మందికి పైగా చంపిన ఊరు అది. ఊరి నడుమ బురుజు ఇప్పటికీ ఉంది.

అక్కడ మౌనం లేదన్నా. చిన్న పిల్లవాణ్ని అడిగినా బురుజు మీద నుంచి ఎట్లా ఎదిరించారో చెప్తాడు. ఏటా దండలు వేస్తారు, లీడర్లు వస్తారు, మైకు పెడతారు. పరకాలలో చూడండి, 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయబోయినవాళ్ల మీద కాల్పులు జరిగిన చోట అమరధామం కట్టారు, బొమ్మలు పెట్టారు. అంటే కథ చెప్పుకోవడానికి అనుమతి దొరికినచోట మౌనం ఉండదు. కానీ అదే ఊళ్లో, అదే రోజున, ఆడవాళ్లకు ఏం జరిగిందన్న దగ్గరికి వచ్చేసరికి చెప్పేవాళ్ల గొంతు పక్కకు పోతుంది. మా పెద్దమ్మ “అవన్నీ ఎందుకు బిడ్డా, చదువుకో” అని లేచిపోయేది. మగవాళ్ల చావులకు స్తూపం వచ్చింది. ఆడవాళ్ల బతుకులకు రాలేదు.

అందుకే నా ఓటు యాస్మిలా జ్బానిచ్ తీసిన ‘గ్రబావిత్సా’ (2006)కి. బోస్నియా యుద్ధం అయిపోయాక సరయేవోలో ఒక తల్లి, పన్నెండేళ్ల కూతురు. నాన్న యుద్ధంలో అమరుడయ్యాడని తల్లి చెప్పింది. స్కూలు టూరుకు అమరుల పిల్లలకు డబ్బు మాఫీ, సర్టిఫికెట్ తెస్తే చాలు. తల్లి సర్టిఫికెట్ తేదు, డబ్బు కోసం రాత్రిళ్లు క్లబ్బులో పనిచేస్తుంది. పిల్లకు అనుమానం మొదలవుతుంది. తండ్రి ఎవరో నేను చెప్పను, చూడండి. సినిమా మొత్తంలో యుద్ధం ఒక్క షాట్ కూడా చూపించదు. ఒక కాగితం లేకపోవడంతో కథంతా నడిపింది ఆమె.

జమ్మికుంట_పత్తి
ఇది బాగుంది. ఇట్లా కథ చెప్తే వస్తా నేను.

మండిబజార్_పోరగాడు
ఎర్రమట్టి అన్న రాసింది చదివాక నాకూ రాయాలనిపించింది. గొడవ పెట్టడానికి కాదు.

మా దాదా వాళ్లది బీదర్ వైపు. ఎందుకొచ్చారు వరంగల్‌కు అంటే, ఆజంజాహి మిల్లులో పని దొరికింది అంటారు. ఎప్పుడొచ్చారంటే, ‘పోలీస్ యాక్షన్ తర్వాత’ అంటారు. ఈ రెండు జవాబులకూ మధ్య ఏముందో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. దాదీని గట్టిగా అడిగితే “ఛోడో బేటా” అని చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లేది. మా నాన్న అడగనే లేదట. నేను పెద్దయ్యాక సుందర్‌లాల్ కమిటీ గురించి చదివాను. 1948 సెప్టెంబరులో ‘పోలీస్ యాక్షన్’ పేరుతో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చాక ముస్లింల మీద జరిగిన హింస గురించి తెలుసుకోవడానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన కమిటీ. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ జరిగిందని రాసింది. ఆ రిపోర్టును అప్పట్లో బయట పెట్టలేదు, మామూలు పాఠకుల చేతికి వచ్చేసరికి 2013. మా దాదీ అప్పటికే లేదు.

బైరాన్‌పల్లి అబద్ధమని నేను అనట్లేదు, అనను కూడా. అక్కడ చంపినవాళ్లతో మా దాదాకు సంబంధం లేదు, మా దాదా ఊళ్లో చంపినవాళ్లతో ఎర్రమట్టి అన్నకూ సంబంధం లేదు. అయినా ఒకరి కథ చెప్తే రెండోవాళ్లు ఉలిక్కిపడతారు. అందుకే ఇద్దరి ఇళ్లల్లోనూ ముసలివాళ్లు వంటింట్లోకి లేచి వెళ్లిపోయారు.

2024లో వచ్చిన ‘రజాకార్’ సినిమాకు మా దోస్తులతో వెళ్లాను. హాల్లో నా పక్కన కూర్చున్నవాడు నా క్లాస్‌మేటే. ఇంటర్వెల్‌లో ఇద్దరం పాప్‌కార్న్ గురించి మాట్లాడుకున్నాం.

నిర్వాహకుడు
ఇప్పటివరకు చర్చ మర్యాదగా నడుస్తోంది, సంతోషం. ఎవరి చావులు ఎక్కువ అని తూకం వేసే పోస్టులు వస్తే తీసేస్తాను. ఇప్పటికే రెండు తీశాను.

ఎర్రమట్టి
మండిబజార్ తమ్ముడూ, నీ మాటకు నేను ఉలిక్కిపడలేదు. ఆ ఇంటర్వెల్ సంగతి మాత్రం ఏ సినిమాలోనైనా పెట్టొచ్చు.

కేయూ_క్రాస్‌రోడ్
మండిబజార్ తమ్ముడికి ‘ఇడా’ (2013) చూడమని చెప్తాను. పావెల్ పావ్లికోవ్‌స్కీ దర్శకుడు, నలుపు తెలుపు. 1962 పోలాండ్. సన్యాసం తీసుకోబోతున్న అమ్మాయికి ఉన్న ఒకే ఒక్క బంధువు, పిన్ని, తొలిసారి కలిసినప్పుడు చెప్తుంది: నువ్వు యూదు పిల్లవి. ఇద్దరూ ఊరికి వెళ్తారు. వాళ్ల ఇంట్లో వేరే కుటుంబం ఉంటోంది. యుద్ధకాలంలో అమ్మాయి తల్లిదండ్రులను దాచిపెట్టిన కుటుంబమే తర్వాత చంపి ఇంటిని ఉంచుకుంది. చివరికి ఆ ఇంటివాళ్ల కొడుకు ఒక బేరం పెడతాడు: ఎక్కడ పూడ్చారో చూపిస్తా, ఇంటి మీద హక్కు అడగొద్దు.

మౌనం గురించి మాట్లాడేటప్పుడు మనం దుఃఖం, భయం అంటూ మనసు దగ్గరే ఆగిపోతాం. ఈ సినిమా చూశాక నాకు పట్టా పాసుబుక్కు గుర్తొస్తుంది. నోరు తెరిస్తే ఇల్లు పోతుంది, పొలం పోతుంది. ఊరంతా కలిసి మౌనంగా ఉండటానికి అంతకంటే పెద్ద కారణం ఏం కావాలి? జ్బానిచ్ తర్వాత తీసిన ‘కో వాడిస్, ఐడా?’ (2020) ముగింపులో కూడా ఇదే. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్లను, అబ్బాయిలను చంపారు. భర్తనీ కొడుకులనీ పోగొట్టుకున్న టీచరు కొన్నేళ్లకు తన ఫ్లాటుకు తిరిగి వస్తే అందులో ఇంకో కుటుంబం ఉంటుంది. ఆమె మళ్లీ అదే ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్తుంది. స్కూలు ఫంక్షన్‌లో చప్పట్లు కొట్టే తల్లిదండ్రుల్లో చంపినవాళ్లూ ఉంటారు.

ఇండోనేషియా గురించి చౌరస్తా గారు చెప్పినదానికి ఒక్కటి కలపాలి. సినిమా మౌనాన్ని చూపించడమే కాదు, తయారు కూడా చేస్తుంది. అక్కడి ప్రభుత్వం 1984లో తన కథనంతో ఒక సినిమా తీయించి, ఏటా సెప్టెంబరు 30న టీవీలో వేయించింది, స్కూలు పిల్లలకు తప్పనిసరిగా చూపించింది. 1998లో సైనిక పాలకుడు సుహార్తో దిగిపోయేదాకా అదే. ఒక తరం మొత్తానికి ఆ మూడు గంటలకు పైగా సినిమాయే చరిత్ర. ఆది కొడుకు క్లాసులో టీచరు చెప్పే పాఠం దాని కొనసాగింపే.

నిర్మల్_టీచరమ్మ
ఆలస్యంగా వచ్చాను, దసరా సెలవుల ముందు పరీక్షల పేపర్లు దిద్దే పని. ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ పాట గురించి ఎవరూ అనలేదు.

పెరూ దేశపు సినిమా ఒకటి ఉంది, క్లౌదియా యోసా తీసింది, 2009లో బెర్లిన్‌లో పెద్ద బహుమతి వచ్చింది. ఇంగ్లిష్‌లో ‘ద మిల్క్ ఆఫ్ సారో’ అంటారు. మొదట తెర నల్లగా ఉంటుంది, ఒక ముసలామె క్వెచువా భాషలో పాడుతూ ఉంటుంది. వినడానికి జోలపాటలా ఉంటుంది. అర్థం చదివితే, తనను చెరిచినవాళ్ల గురించీ, చంపిన భర్త గురించీ పాడుతోంది. పక్కన కూతురు. ఆ భయం తల్లిపాలతో పాటు బిడ్డకు వచ్చేస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. కూతురు కూడా మాట్లాడాల్సిన చోట మాట్లాడదు, పాడుతుంది.

మా వైపు ఆడవాళ్లు నాట్లు వేస్తూ, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటల్లో అత్త కొట్టిందీ, దొర చెరిచిందీ, బిడ్డ చచ్చిందీ అన్నీ ఉంటాయి. అదే విషయం కూర్చోబెట్టి అడగండి, “నాకేం తెలుసు” అంటారు. పాటలో ఎవరి పేరూ పెట్టక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లల్లోకి కెమెరా పట్టుకుని వచ్చే పిల్లలు నేరుగా ఇంటర్వ్యూ మొదలుపెడతారు. వాళ్లకు రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, ఏమీ దొరకదు.

మన తెలుగులో మౌనాన్ని మౌనంగా చూపించింది నాకు తెలిసి బి. నర్సింగరావు గారి ‘దాసి’ (1988). అది మారణహోమం కథ కాదు, గడీలో దాసిగా ఉన్న ఒకామె కథ. కానీ అర్చన ఆ సినిమాలో ఎంత తక్కువ మాట్లాడుతుందో చూడండి. జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

మా జిల్లాల్లో ఇంద్రవెల్లి కూడా ఉంది. 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసు కాల్పులు. ప్రభుత్వం లెక్కలో 13 మంది. పౌరహక్కుల వాళ్లు అంతకంటే చాలా ఎక్కువ అన్నారు. స్తూపం ఉంది, కానీ చాలా ఏళ్లు ఆ తేదీన అక్కడికి వెళ్లాలంటే పోలీసు ఆంక్షలే. ఎర్రమట్టి తమ్ముడు అనుమతి అన్నాడు చూశారా, అది ఇక్కడ అక్షరాలా అనుమతే. స్తూపం ఉన్నంత మాత్రాన మాట్లాడనిచ్చినట్టు కాదు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
షిఫ్టు దిగి రాత్రి పన్నెండున్నరకు చదువుతున్నా. అందరూ నోటి గురించి మాట్లాడుతున్నారు, నేను ఒంటి గురించి చెప్తా.

కంబోడియా దర్శకుడు రితీ పన్ తీసిన ‘ఎస్-21’ (2003) చూశాను. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం దేశాన్ని ఏలిన కాలంలో, అంటే 1975 నుంచి 79 వరకు, నోమ్ పెన్‌లో ఒక స్కూలును జైలు చేసి వేల మందిని చిత్రహింసలు పెట్టి చంపారు. బతికి బయటపడ్డది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఒకరైన వాన్ నాథ్ అనే చిత్రకారుణ్ని, అప్పటి కాపలావాళ్లను మళ్లీ అదే గదుల్లోకి తీసుకెళ్లాడు దర్శకుడు. అడిగితే “ఆర్డర్, మాకేం తెలుసు” అంటారు. కానీ ఒక కాపలావాడు ఖాళీ గదిలో తన రోజువారీ పని చేసి చూపించడం మొదలుపెడతాడు. తలుపు తీస్తాడు, లేని ఖైదీల మీద అరుస్తాడు, తాళం లాగి చూస్తాడు, డబ్బా అందిస్తాడు. ఒక్క కదలిక తప్పు పోదు.

మా బాపు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ మామూలు తలుపు దగ్గర కూడా తల వంచి వస్తాడు. గని గురించి అడిగితే ఏమీ చెప్పడు. ఆ కాపలావాణ్ని చూస్తే నాకు అదే తట్టింది, ఇద్దరినీ ఒక గాటన కట్టినందుకు బాపు వింటే తిడతాడు గానీ.

రితీ పన్‌దే ‘ద మిస్సింగ్ పిక్చర్’ (2013) కూడా చూడండి. ఆయనకు పదమూడేళ్లప్పుడు ఖ్మేర్ రూజ్ వాళ్లు ఊరు ఖాళీ చేయించారు, తల్లిదండ్రులు కళ్లముందే పోయారు. ఆ నాలుగేళ్లు జనం ఎట్లా బతికారో చూపే ఫొటోలు దాదాపు లేవు. ఉన్నవి ఆ ప్రభుత్వం తీయించుకున్న ప్రచార ఫిల్ములే. అందుకే మట్టి బొమ్మలు చేయించి తన ఇంటినీ పొలాన్నీ ఆకలినీ వాటితో చూపించాడు. బొమ్మలు కదలవు. కెమెరా కదులుతుంది.

ఎర్రమట్టి
మట్టి బొమ్మలంటే గుర్తొచ్చింది. మా చేర్యాల నకాషీ పటాలు, అదే గుడ్డ మీద గీసే పొడవాటి బొమ్మల చుట్టలు, అసలు పుట్టింది ఇందుకే కదా. కాకి పడిగెల వాళ్లు ఊరూరా పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ కులం పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్లు. ఎవరైనా బైరాన్‌పల్లినీ, మండిబజార్ తమ్ముడి బీదర్‌నూ ఒకే పటంలో గీసి, రాత్రంతా కథ చెప్పించి, దాన్ని షూట్ చేస్తే ఎట్లా ఉంటుంది? సెట్టింగులు, గుర్రాలు, జూనియర్ ఆర్టిస్టులు ఏమీ అక్కర్లేదు. బడ్జెట్ కూడా మనలాంటివాళ్లకు అందేదే.

జమ్మికుంట_పత్తి
ఒకే పటంలో గీస్తే రెండు వైపులా తంతారు.

ఎర్రమట్టి
తంతే తన్నారు. ముందు గీసేవాళ్లు దొరకాలి.

కేయూ_క్రాస్‌రోడ్
తన్నుల సంగతికి ఆటమ్ ఎగోయన్ ‘అరరాత్’ (2002) దగ్గర జవాబు ఉందనుకుంటా. 1915 ఆర్మేనియన్ల ఊచకోత మీద సినిమా తీసేవాళ్ల గురించిన సినిమా అది. లోపలి సినిమాలో పెద్ద సెట్టు, కొండ కనపడని చోట కూడా అరరాత్ కొండ గీసి పెడతారు, కవితాత్మక స్వేచ్ఛ అని సమర్థించుకుంటారు. బయట మాత్రం కెనడాలో ఉండే ఆర్మేనియన్ కుర్రవాడు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అధికారి ముందు కూర్చుని తన కుటుంబ చరిత్రను రుజువు చేసుకోవాల్సి వస్తుంది. అందులో టర్కీ మూలాలున్న నటుడు ఒకడు, జరిగిందేదో జరిగింది, ఇప్పుడు మనం ఇక్కడున్నాం కదా, మర్చిపోదాం అంటాడు. కుర్రవాడు ఒప్పుకోడు. దర్శకుడు ఆర్మేనియన్ అయ్యుండీ ఆ రెండో మనిషికీ మాట్లాడే చోటు ఇచ్చాడు. చాలామందికి సినిమా గందరగోళంగా అనిపించింది, నాకూ కొంత అనిపించింది. కానీ కథలో అవతలివాడికి ఒక కుర్చీ వేయడమంటే ఏమిటో అక్కడ చూడొచ్చు. ‘రజాకార్’ లో నాకు కనపడనిది ఆ కుర్చీ.

జమ్మికుంట_పత్తి
సార్, నేను ఆ సినిమా చూశా, నాకు నచ్చింది కూడా. మా తాతలు పడ్డ కష్టం అన్నేళ్లకు తెర మీద కనపడింది. చెప్పకుండా దాచినదాన్ని గట్టిగా చెప్తే ప్రాపగాండా అంటారా?

కేయూ_క్రాస్‌రోడ్
మీ తాతల కష్టం చూపించడం గురించి నాకు పేచీ లేదు తమ్ముడూ. కథ సెప్టెంబరు 17 దగ్గర ముగించడం గురించే. చూపించిన హింస నిజమే కావచ్చు, కెమెరా ఆపేసిన చోటు కూడా ఒక అభిప్రాయమే. మండిబజార్ కుటుంబం కథ ఆ మర్నాడు మొదలవుతుంది.

మండిబజార్_పోరగాడు
జమ్మికుంట భాయ్ అన్నదాంట్లో నాకు కోపం రాలేదు. వాళ్ల తాత కథ చెప్పాలి. నాకు కావాల్సింది రెండో రీలు.

హన్మకొండ_చౌరస్తా
సరే, తేలుస్తున్నా. శనివారం సాయంత్రం ‘గ్రబావిత్సా’, రాత్రి ‘ద లుక్ ఆఫ్ సైలెన్స్’. ఆదివారం ‘ఇడా’, ‘ద మిస్సింగ్ పిక్చర్’. ‘షోవా’ మొత్తం వేయడం కుదరదు, అందులోంచి బోంబా భాగం ఒక్కటి వేసి కేయూ సార్ క్లాసులో పెట్టే వాదనే పెడదాం. ‘దాసి’ మంచి ప్రింటు దొరికితే ఆదివారం పొద్దున.

సినిమా అయ్యాక మైకు ఇచ్చి “మీ ఇంట్లో కథలు చెప్పండి” అనే కార్యక్రమం పెట్టడం లేదు. అలా అనుకున్నాం ముందు, టీచరమ్మ గారి పోస్టు చదివాక తీసేశాం. చాయ్ ఉంటుంది, కుర్చీలుంటాయి, ఎవరికి మాట్లాడాలనిపిస్తే వాళ్లు మాట్లాడుకుంటారు.

తెలుగు సబ్‌టైటిల్స్ పని మొదలుపెట్టాను. ‘ఇడా’లో మాటలు తక్కువ, 82 నిమిషాల సినిమా, తొందరగా అవుతుంది. ‘గ్రబావిత్సా’కు ఎవరైనా సాయం చేయాలి.

నిర్మల్_టీచరమ్మ
నేను చేస్తాను. ఫైలు పంపండి.

జమ్మికుంట_పత్తి
శనివారం జిన్నింగ్ మిల్లులో లోడు ఉంది, ఎనిమిదికి వస్తా. మండిబజార్ భాయ్, నీ పక్కన సీటు ఆపు. ఈసారి పాప్‌కార్న్ వద్దు.